నలుసు తీసే హజరత్తయ్య

హజరత్తయ్యను గురించి చెప్పాలంటే ముందు అతని నాలుకను గురించి చెప్పాలి. మనిషి తర్వాత. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారికి అటూ ఇటూ ఉన్న ఏడెనిమిది ఊళ్ళలో ఆ నాలుక తగలని కన్ను అరుదు. ఇది తిట్టు కాదు, నిజం. నూర్పిళ్ళ కాలంలో ఎవరి కంట్లో వడ్ల పొట్టు పడినా, చెరుగుతున్న ఆడవాళ్ళ కంట్లో ఊక పడినా, కన్ను మూసుకుని పరుగున అతని కళ్ళం దగ్గరికి పోయేవాళ్ళు. అతను వాళ్ళను ఎండకు ఎదురుగా కూర్చోబెట్టి, రెండు బొటనవేళ్ళతో రెప్పలు విడదీసి, నాలుక కొనతో కన్నంతా ఒక్కసారి తుడిచేవాడు. తుడిచి, ఆ నాలుకను చాపి చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించేవాడు. దాని మీద ఆవగింజలో సగమంత పొట్టు. జనం ఆహా అనేవాళ్ళు. నేను పక్కకు పోయి ఉమ్మేసేవాణ్ణి.

నేను ఆ ఊళ్ళన్నింటికీ కలిపి ఉన్న ఒక్క డిస్పెన్సరీలో కాంపౌండరుని. పేరు సమాధానం. మా నాయన సువార్త చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగిన మనిషి, కొడుకు నెమ్మదస్తుడు అవుతాడని ఆ పేరు పెట్టాడు. పేరు సమాధానం, మాట జగడం అని మా ఆవిడ రెబెక్క అనేది. మంగళవారాల్లో డాక్టరు నవోమి గారు నెల్లూరు నుంచి బస్సులో వచ్చేవారు. మిగిలిన రోజుల్లో ఆ పెంకుటింటికీ, రెండు బెంచీలకూ, అద్దాల బీరువాకూ నేనే దిక్కు.

నా దగ్గరికి కళ్ళ జబ్బుతో వచ్చేవాళ్ళు ఎప్పుడు వచ్చేవాళ్ళో వినండి. మొదట హజరత్తయ్య నాలుక. తగ్గకపోతే పచ్చి బాలింతను బతిమాలి చనుబాలు. దానికీ తగ్గకపోతే ఉల్లిపాయ రసం, ఆ పైన ఏదో ఆకు నూరి కట్టు. అన్నీ అయ్యి, రెప్పలు పుసులతో అతుక్కుపోయి, కన్ను తెరుచుకోక, గోడలు తడుముకుంటూ అప్పుడు డిస్పెన్సరీకి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని పెద్దలు ఊరికే అనలేదు. వచ్చినవాళ్ళు కూడా మందు అడిగేవాళ్ళు కాదు. ఇంజెక్షను వెయ్యమనేవాళ్ళు. కంటికి మలాం రాస్తే అది వైద్యమే కాదని వాళ్ళ లెక్క.

పైగా హజరత్తయ్య పొగాకు నమిలేవాడు. ఆ నోటితోనే ఈ వైద్యం. పొగాకు రసం తగిలి కన్ను భగ్గుమంటే, మందు పట్టిందని రోగి సంతోషపడేవాడు. వెర్రి వెయ్యి విధాలంటారు, నేను లెక్కపెట్టడం తొమ్మిది వందల దగ్గర మానేశాను.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదో సంవత్సరం మాఘమాసంలో ఒకే కళ్ళంలో పనిచేసిన పదకొండు మందికి కండ్లకలక వచ్చింది. ఊరంతా ఏం చేసిందో తెలుసా. కలక వచ్చినవాళ్ళ కంటిలోకి చూస్తే మనకూ అంటుకుంటుందని మొహాలు తిప్పుకుని నడిచింది. ఎదురుపడితే నేల చూపులు. మాట్లాడితే గోడతో మాట్లాడినట్టు. ఇంటికి పోయి మాత్రం అందరూ ఒకే తుండుగుడ్డతో మొహం తుడుచుకోవడం, తల్లీ బిడ్డా ఒకే కాటుక పుల్ల పెట్టుకోవడం. చూపుతో అంటుకుంటుందట, గుడ్డతో అంటుకోదట. నేను సైకిలేసుకుని ఇంటింటికీ పోయి ఆరా తీశాను. పదకొండు మందీ వారం రోజుల లోపల హజరత్తయ్య నాలుక కిందికి పోయి వచ్చినవాళ్ళే.

నేరుగా అతని కళ్ళానికి పోయాను. అతను కుప్ప పక్కన కూర్చుని నీళ్ళ చెంబు ఎత్తుకుని తాగుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, నెరిసిన మీసం. ఎడమ కన్ను లేదు, ఆరేళ్ళ వయసులో అమ్మవారు పోసి పోయింది. ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలు దక్కకపోతే తల్లి కసుమూరు దర్గాలో మొక్కుకుని ఇతనికి హజరత్తయ్య అని పేరు పెట్టిందట. పేరు ప్రాణాన్ని నిలిపింది గాని కన్నును నిలపలేదు.

"ఒకరి కంట్లో చీము ఇంకొకరి కంట్లోకి నీ నాలుక మోస్తా ఉంది. ఇప్పటికైనా మానుకో" అన్నాను.

అతను నిదానంగా చెంబు దించాడు. "మీరు ఆ గాజు గొట్టంతో మందు పోస్తారు గదా అయ్యా. ఒకే గొట్టం అందరి కండ్లల్లో పెట్టరా?"

"నేను దాన్ని మరగబెడతానయ్యా."

"నేను దినామూ రెండు పూటలా పొగలు కక్కే కాఫీ తాగతా. ఇదీ మరిగినట్టే."

కళ్ళంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. కలక కళ్ళతో, పుసులు కారుతూ, నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు మూడేళ్ళ పాటు చెవిలో ఉంది. ఆ పదకొండు మందికీ నేనే ఉప్పు నీళ్ళతో కళ్ళు కడిగి, టెర్రామైసిన్ మలాం పెట్టి, ఎవరి గుడ్డ వాళ్ళు వాడుకోండి అని అరిచి అరిచి తగ్గించాను. తగ్గాక వాళ్ళేమన్నారు? కలక ఎట్టాగూ వారానికి పోయేదే అన్నారు.

అరవై రెండులో మొలగొలుకుల వరి కోత అయ్యి నూర్పిళ్ళు జరుగుతున్నాయి. తూర్పార పడుతుంటే గాలి తిరిగి హజరత్తయ్య కుడి కంట్లోనే పొట్టు పడింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. తన నాలుక తన కంటికి అందదు గదా. భార్య కామాక్షమ్మ నాలుక పెట్టబోతే, "నీకు చేతగాదు, గుడ్డు గీకతావు" అని నెట్టేశాడట. ఊళ్ళో ఇంకెవరినీ దగ్గరికి రానివ్వలేదు. వందల మంది కళ్ళల్లో నాలుక పెట్టిన మనిషికి ఒక్కరి నాలుక మీద నమ్మకం లేదు. మట్టి చేతులతో మూడు రోజులు నలుపుకున్నాడు. నాలుగో రోజు మంగళవారం. డిస్పెన్సరీ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

నిజం చెప్పాలి. నాకు సంతోషం వేసింది.

"రా హజరత్తయ్యా, రా. కాఫీ తాగినావా?" అన్నాను. అతను గోడ తడుముకుంటూ లోపలికి వచ్చాడు.

నవోమి గారు అతని కంట్లో రంగు మందు చుక్క వేసి, నీళ్ళతో కడిగి చూశారు. నల్లగుడ్డు మీద బియ్యపు గింజలో సగమంత చోటు ఆకుపచ్చగా మెరిసింది. అక్కడ పుండు పడింది. పొట్టు గీకిన చోట చీము పురుగు చేరింది.

"ఉన్నది ఈ కన్నొక్కటే కదా. నెల్లూరు ఆస్పత్రిలో ఉంటావా వారం రోజులు?" అని అడిగారు.

"ధాన్యం కళ్ళంలో ఉందమ్మా. మొగపిల్లకాయలు లేరు. మీరు మందియ్యండి, ఏసుకుంటా."

ఆమె ఒక నిమిషం ఆలోచించి చీటీ రాశారు. పెన్సిలిన్ చుక్కలు గంటకొకసారి, అట్రోపిన్ మలాం రోజుకు రెండుసార్లు. పుండు మానేది పెన్సిలిన్‌తో. అట్రోపిన్ కంటి లోపలికి విశ్రాంతినిచ్చి నొప్పి తగ్గిస్తుంది. "ఇప్పుడు మందు పడితే కన్ను దక్కుతుంది. పడకపోతే లేదు. అన్నీ వివరంగా చెప్పి పంపండి, సమాధానం గారూ" అని నాకు అప్పగించి, బయట బెంచీ మీద మూలుగుతున్న గర్భిణి దగ్గరికి పోయారు.

నేను వివరంగానే చెప్పాను. పావుగంట చెప్పాను. యాభై తొమ్మిదిలో కలక వచ్చిన పదకొండు మంది పేర్లు వరుసగా అప్పజెప్పాను. మనిషి నోట్లో ఎన్ని లక్షల పురుగులుంటాయో చెప్పాను. ఆ అంకె నాకూ తెలియదు, కోపం కొద్దీ పెంచాను. మరిగిన నాలుక సంగతి ఎత్తాను. బెంచీల మీదివాళ్ళు నవ్వారు. ఈసారి నా పక్షాన నవ్వారు, అది నాకు ఎంత తీపిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. అతను ఒంటి కన్ను మూసుకుని, తల వంచుకుని, చేతిలో సీసా, మలాం గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

చివరికి అడిగాడు. "గంటంటే ఎంతసేపయ్యా? మా ఇంట గడియారం లేదు."

"నువ్వు పొగాకు కాడ మార్చినప్పుడల్లా వెయ్యి. సీసాను చల్లగా తడి ఇసకలో పెట్టుకో. చేతులు కడుక్కో. రోజు మార్చి రోజు వచ్చి చూపించు. పో" అన్నాను.

పోయాడు. రోజు మార్చి రోజు రాలేదు. మూడు మైళ్ళు సైకిలు తొక్కి నేనే పోయి చూసుండవచ్చు. కలక వచ్చినప్పుడు పోలేదా? అప్పుడు పోయింది తప్పు పట్టడానికి. ఇప్పుడు అతనే రావాలి, మెట్లెక్కి వచ్చి అడగాలి అనిపించింది.

శుక్రవారం నాడు కామాక్షమ్మ దారిలో ఎదురైంది. తల మీద గడ్డిమోపు. నన్ను చూసి ఆగింది.

"అయ్యా, మందేసిన కాడ్నించి ఆయనకి మసగ్గా ఉందంట. దగ్గర వస్తువు అగపడలేదంటన్నాడు. ఎండలోకి రాలేకపోతన్నాడు."

నేను సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టాను, అంతే. "చెప్పింది చెప్పినట్టు వెయ్యమను. సొంత తెలివితేటలు వద్దని చెప్పు" అని తొక్కుకుంటూ పోయాను.

తర్వాతి మంగళవారం ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుమ్మం తగులుతుందేమోనని అతను కాలు ఎత్తెత్తి వేస్తున్నాడు. కట్టు విప్పితే ఆముదం వాసన వచ్చింది. నల్లగుడ్డు మొత్తం పాలు కలిపినట్టయిపోయింది. లోపల అడుగున చీము గీత కట్టి నిలబడి ఉంది. అప్పటికి పన్నెండేళ్ళుగా కళ్ళు చూస్తున్నవాణ్ణి, ఆ గీత అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మందు వేశావా?" అన్నారు నవోమి గారు.

"రెండు దినాలు ఏసినానమ్మా. నొప్పి తగ్గింది. కానీ చూపు పోతా వచ్చింది. నా చేతి గీతలు నాకు అగపడలా. వడ్ల గింజ పట్టుకుంటే గింజో రాయో తెలీలా. ఉండేది ఒక్క కన్ను గదమ్మా. మందు కన్ను తినేస్తా ఉందనుకున్నా. సీసా, గొట్టం, రెండూ పారేసినా."

ఆమె నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "మలాం వేస్తే చూపు మసకేస్తుందని, మానేశాక దానంతట అదే పోతుందని చెప్పలేదా మీరు?"

అట్రోపిన్ వేస్తే కంటిపాప పెద్దదవుతుంది. దగ్గరివి మసగ్గా కనిపిస్తాయి, వెలుతురు పడదు. అది మందు గుణం, దాని వల్ల కంటికేం కాదు. కాంపౌండరు చదువులో మొదటి నెలలో నేర్పే ముక్క. పావుగంట మాట్లాడినవాణ్ణి, పురుగుల లెక్క చెప్పినవాణ్ణి, కాఫీ గురించి వేళాకోళం ఆడినవాణ్ణి, ఆ ఒక్క ముక్క చెప్పలేదు. శుక్రవారం ఆ ఆడమనిషి దాన్ని నా నోటికి అందించింది కూడా. సైకిలు దిగితే చెప్పేవాణ్ణేమో.

నేను బీరువా వైపు తిరిగి సీసాలు సర్దసాగాను.

"చెప్పినాడమ్మా" అన్నాడు హజరత్తయ్య. "కాంపౌండరయ్య చెప్పినాడు. నా బుర్రకే ఎక్కలా."

కామాక్షమ్మ నా మొహంలోకి చూసింది. చూసి, పైట కొంగుతో భర్త చెంప మీద కారుతున్న నీళ్ళు తుడిచింది.

ఆ సాయంత్రం బస్సులోనే నవోమి గారు అతన్ని నెల్లూరు తీసుకుపోయారు. ఇరవై రెండు రోజులు పెద్దాస్పత్రిలో ఉన్నాడు. చీము తగ్గింది, గుడ్డు దక్కింది. చూపు దక్కలేదు. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. వెలుగో చీకటో తెలుస్తుంది, అంతే. ధాన్యం ఎవరో కళ్ళంలోంచి ఇంటికి చేర్చారు. నాలుక పెట్టించుకున్న ఊళ్ళు ఆ పని మాత్రం చేశాయి, కాదనను.

నవోమి గారు మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. నేనూ నిజం చెప్పలేదు. పదేళ్ళు ఊరందరినీ మూర్ఖులని తిట్టినవాణ్ణి, ఒక గుడ్డివాడు ఆడిన అబద్ధం చాటున దాక్కున్నాను. ఇంట్లో రెబెక్కకు చెబితే ఆమె చాటలో బియ్యం ఏరుకుంటూ, "నోరు మంచిదైతే ఊరు మంచిదవతాదని మీకు ఈ ఇంట్లోనే ఎవరో చెప్పినట్టుందే" అన్నది. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

వైశాఖంలో ఒకరోజు పోయి అతని అరుగు మీద కూర్చున్నాను. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

"నువ్వు తిడతావు గాని మందులో నీళ్ళు కలపవు" అన్నాడు. అప్పటిదాకా నన్ను మీరు అనేవాడు. "నిన్ను తీసేస్తే వచ్చేవోడు ఎట్టాంటోడో. నా కన్ను ఎట్టాగూ రాదు. ఊరోళ్ళ కండ్లన్నా ఉండొద్దా?"

"అందరి కళ్ళూ అంత ముద్దయితే ఆ నాలుక వైద్యం ఎందుకు చేశావయ్యా?"

"నా ఎడం కన్ను పొయ్యేనాడు మా అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని మూడు దినాలు ఏడ్చింది. ఏం చెయ్యాలో ఆమెకెవురూ చెప్పలా. పెద్దయినాక మా అవ్వ నాకీ పని నేర్పింది. వచ్చింది చేసినా. నీ మాదిరి గాజు గొట్టం నా చేతికెవురిచ్చినారు?"

పొద్దుగూకేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను. వాదించలేదు, అప్పటికి కొంచెం నేర్చుకున్నాను.

ఆ తర్వాత అతను ప్రతి మంగళవారం కర్ర పట్టుకుని, కామాక్షమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని డిస్పెన్సరీకి వచ్చేవాడు. మందుకు కాదు. గుమ్మం పక్క బెంచీ మీద కూర్చునేవాడు. అలవాటు చావక ఊళ్ళవాళ్ళు ఇంకా నలుసు పడితే అతని దగ్గరికే పోయేవాళ్ళు. అతను నోరు మూసుకుని చేత్తో నా వైపు చూపించేవాడు. నేను పదేళ్ళు గొంతు చించుకుని తేలేనివాళ్ళను ఆ గుడ్డివాడు చెయ్యెత్తి పంపించాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ జరిగింది అదే.

మరుసటి ఏడు నూర్పిళ్ళప్పుడు, పక్క ఊరి నుంచి గురవమ్మ అనే ఆమె వచ్చింది. కంటికి వరి ఆకు గీరుకుని చిన్న పుండు పడింది. నవోమి గారు అవే మందులు రాశారు, చుక్కలు, మలాం. నేను సీసా చేతికిచ్చాను. చుక్కల సంగతి చెప్పి, మలాం సంగతి చెప్పబోతూ గొట్టం మూత బిగుసుకుంటే దాంతో కుస్తీ పడుతున్నాను. ఈలోపల బెంచీ మీద నుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ మలాం ఏస్తే నీకు మసకేస్తది. ఎండ జూడలేవు. సూదిలో దారం ఎక్కియ్యలేవు. కన్ను పోతా ఉందని భయపడబాక. మందు మానినాక అదే పోతది. ఎవురేం చెప్పినా సీసా మాత్రం పారెయ్యబాక."

గురవమ్మ అతని తెల్లటి కంటి వైపు చూసి, భయంగా మొహం తిప్పుకుంది. "నీకెట్టా తెలుసు పెద్దాయనా?"

"కాంపౌండరయ్య నాకు ముందే చెప్పినాడు" అన్నాడు హజరత్తయ్య.

ఆమె నా వైపు గౌరవంగా చూసింది. నేను తల వంచుకుని సీసాకు చీటీ అంటించాను.